గది ఉన్న పడవా, గాలి తగిలే పడవా?

మా ఆవిడ లెక్క ప్రకారం నలభై అయిదు దాటిన మగాళ్ళు మూడు రకాలు. మారథాన్లు పరిగెత్తేవాళ్ళు, ఇండియాలో పొలం కొనేవాళ్ళు, ధ్యానం క్లాసుకి పది రోజులు వెళ్ళొచ్చి ఆర్నెల్లు అందరికీ దాని గురించి చెప్పేవాళ్ళు. "మీరు నాలుగో రకం" అని పోయినేడాది తేల్చేసింది. నాలుగో రకం అంటే బోటు కొనాలనుకునేవాళ్ళు.

ఈ జబ్బు ఎలా అంటుకుందో ముందు చెప్పాలి. ఆఫీసులో నా పక్క సీటాయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డ అమెరికనాయన. 2024 ఆగస్టులో మా ముగ్గుర్నీ తన బోటులో బ్లేక్ ఐలండ్‌కి తీసుకెళ్ళాడు. సియాటిల్ డౌన్‌టౌన్‌కి ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్న దీవి అది, మొత్తం స్టేట్ పార్కే. పడవ తప్ప వేరే దారి లేదు. ఆయన బోటు లేక్ యూనియన్‌లో ఉంటుంది కాబట్టి సముద్రంలోకి రావాలంటే బల్లార్డ్ లాకుల్లోంచి దిగాలి. 1917లో కట్టిన లాకులవి. చెరువు మట్టం సముద్రం కంటే ఇరవై అడుగుల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. ఒక పెద్ద కాంక్రీటు తొట్టిలోకి పడవల్ని తోలి, వెనక తలుపు మూసి, నీళ్ళు వదిలేస్తారు. ఆటుపోట్లని బట్టి ఆరడుగుల నుంచి ఇరవయ్యారు అడుగుల దాకా కిందకి దిగుతాం. తర్వాత ముందు తలుపు తీస్తారు, అంతే, ఉప్పునీళ్ళు. డబ్బులు కూడా పుచ్చుకోరు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర పడవలు లాకులు దాటడం చిన్నప్పుడు చూసినవాణ్ణి, నాకు అక్కడే సగం మతి పోయింది.

మిగతా సగం సాయంత్రం పోయింది. బోటుని నీళ్ళలో తేలే బూయీకి కట్టేశాం. ఒలింపిక్ కొండల వెనక సూర్యుడు దిగుతున్నాడు. లోపల బుల్లి స్టవ్వు మీద మా ఆవిడ టీ పెట్టింది. మా వాడు, అప్పటికి పదిహేనేళ్ళు, ఫోను కింద పెట్టి రెండు గంటల సేపు మాతో పేకాడాడు. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఇది ఎంత పెద్ద విషయమో చెప్పక్కర్లేదు. జోకర్ని దాచేసి దొరికిపోయి పడీపడీ నవ్వాడు. వాడు నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో అనిపించింది. వాడి చదువు లెక్క చూస్తే కాలేజీకి వెళ్ళేలోపు ఇంకా మూడు వేసవులే ఉన్నాయి. ఆ రాత్రి ఫెర్రీలు రేపిన అలలకి మేం పడుకున్న పరుపు ఊగుతూ ఉంటే, నాకు నిద్ర పట్టక, గది ఉన్న పడవ కొనెయ్యాలని నిర్ణయానికొచ్చేశాను.

అసలు విషయానికొచ్చే ముందు, బోట్ల సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మా ఇంట్లో వాదన నడిచింది రెండు రకాల మధ్య. మొదటిది డే బోటు. దీన్లో బాగా కనిపించేది బౌ రైడర్. పంతొమ్మిది, ఇరవై అడుగులుంటుంది. పైకప్పు ఉండదు, ముందు ముక్కు దగ్గర కూడా కూచోడానికి సీట్లుంటాయి. దూకుడెక్కువ. వెనక తాడు కట్టి పిల్లల్ని ట్యూబు మీదో వేక్‌బోర్డు మీదో లాగొచ్చు. పొద్దున్న నీళ్ళలో దింపి సాయంత్రం ట్రైలరెక్కించుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. బాత్రూం ఉండదు (ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది). రెండోది క్యాబిన్ క్రూయిజర్. ఇరవయ్యారు నుంచి ముప్ఫై అడుగులు. కింద గది, గదిలో త్రికోణం ఆకారంలో పరుపు, సింకు, స్టవ్వు, అగ్గిపెట్టంత బాత్రూం. రాత్రి పడుకోవచ్చు. సముద్రంలోకి వెళ్ళొచ్చు, వాన పడితే లోపలికి దూరొచ్చు.

మధ్యలో పాంటూన్ అనే మూడో రకం కూడా ఉందిలెండి. రెండు గొట్టాల మీద తేలే అరుగు. చీట్లపేకకీ, బిర్యానీకీ దాన్ని మించింది లేదు. మా వాడు ఫొటో చూసి "ఇది ముసలాళ్ళ సోఫా" అన్నాడు. ఆ ఫైలు అక్కడితో మూసేశాం.

మనం చేసే ఉద్యోగానికి తగ్గట్టు నేను ఎక్సెల్ షీటు తీశాను. పద్దెనిమిది అంశాలు, ఒక్కోదానికి వెయిటేజీ. ఆఫీసులో వెండర్ని ఎంచుకునేటప్పుడు ఏం చేస్తామో మీకు తెలుసుగా, ముందే మనసులో ఒకడు ఉంటాడు, వాడు గెలిచేదాకా వెయిటేజీలు సవరిస్తాం. ఇక్కడా అంతే. "రాత్రి బస" కి పది మార్కులు, "కుటుంబంతో గడిపే సమయం" కి పదిహేను పెట్టాను. స్పీడుకి రెండు. క్యాబిన్ క్రూయిజర్ ఘనవిజయం సాధించింది. 2006 మోడలు, ఇరవై ఏడు అడుగులు, ఒకటే వీ-8 ఇంజను, అడిగిన ధర 38,000 డాలర్లు. కంపెనీ పేరెందుకులెండి, పాతబడితే ఏ కంపెనీదైనా అంతే.

మా ఆవిడ షీటు మొత్తం ఓపిగ్గా చూసి ఒకే ఒక్క మాటంది. "ఆ రోజు వాడు పేకాడింది బోటులో గది ఉండబట్టి కాదు. ఛార్జరు మర్చిపోయి ఫోను చచ్చిపోబట్టి. ఆ మాత్రానికి ముప్ఫై ఎనిమిది వేలెందుకండీ, ఇంట్లోనే ఛార్జరు దాచేస్తే పోలా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. అయినా పట్టు వదలకుండా సర్వేయర్ని పిలిచాను. పాత బోటు కొనేముందు దాన్ని నీళ్ళలోంచి పైకెత్తి, సర్వేయరు చేత చూపించుకోవడం ఇక్కడ ఆనవాయితీ. అడుగుకింత అని తీసుకుంటాడు, నాకు 700 డాలర్లయింది. జీవితంలో నేను బాగా ఖర్చుపెట్టిన డబ్బుల్లో అదొకటి. ఆయన చేతిలో చిన్న ప్లాస్టిక్ సుత్తి. పడవ అడుగు భాగమంతా అంగుళం అంగుళం దాంతో టక్‌టక్‌మని కొడుతూ చెవొగ్గి వింటాడు. కొబ్బరికాయ కొనేటప్పుడు మనం వేలితో మీటి వింటామే, అచ్చం అలా. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. ఫైబర్‌గ్లాస్ లోపలి చెక్క తడిసి మెత్తబడ్డచోట 'డబ్' అని మూగగా పలుకుతుంది. మా బోటు వెనక భాగం, ఇంజనుని మోసే దూలాల దగ్గర, శుభ్రంగా డబ్ డబ్ అంది. ఆ పైన తేమ కొలిచే మీటరు పెట్టి చూపించాడు. ఉప్పునీళ్ళలో తిరిగిన ఇంజను కాబట్టి ఎగ్జాస్టు మానిఫోల్డులు కూడా మార్చాలన్నాడు. ఉప్పునీళ్ళే ఇంజనుని చల్లబరుస్తాయి, అవే దాన్ని తినేస్తాయి, కొన్నేళ్ళకోసారి మార్చక తప్పదట.

సుత్తి జేబులో పెట్టుకుంటూ ఊరికే అడిగినట్టు అడిగాడు: "పోయినేడాది మీ కుటుంబం ఇల్లూ హోటలూ కాకుండా బయట ఎన్ని రాత్రులు పడుకుంది?"

ఆలోచించాను. టెంటు లేదు, క్యాంపింగు లేదు. బ్లేక్ ఐలండ్ రాత్రి ఒక్కటి. దాన్లోనూ నేను పడుకోలేదు.

బేరం వదిలేశాను. కానీ గది మీద మోజు వదల్లేదు. ఇది కాకపోతే ఇంకోటి, ఇంకొంచెం కొత్తది చూద్దామనుకున్నా. అంతలో 2025 మే నెలలో మా నాన్నగారు వచ్చారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మాది కోనసీమ, ముక్తేశ్వరం రేవుకి దగ్గర. నాన్నగారు బడిపంతులు. ఇరవై ఏళ్ళకి పైగా రోజూ సైకిలుతో సహా రేవు దాటి కోటిపల్లి వైపు వెళ్ళి పాఠాలు చెప్పి, సాయంత్రం మళ్ళీ గోదావరి దాటి ఇంటికొచ్చేవారు. అంటే నీళ్ళ మీద ఆయనకున్న అనుభవం ముందు నా యూట్యూబ్ చదువు ఏపాటిది? 1986 ఆగస్టు వరదల్లో, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు, మమ్మల్ని డాబా మీంచి నాటు పడవలోకి దించింది ఆయనే. నాకప్పుడు ఏడేళ్ళు. పడవలో పదకొండు మందిమి, ఒక మేక. నీటి అంచుకీ నీళ్ళకీ మధ్య బెత్తెడు దూరం. ఆయన నన్ను ఒళ్ళో కూచోబెట్టుకోలేదు. పడవ అంచు దగ్గర కూచోబెట్టి, నా చొక్కా కాలరు పట్టుకుని, "నీళ్ళకేసి చూస్తా ఉండు, కళ్ళు మూసుకోకు" అన్నారు. ఎందుకలా అన్నారో చాలా కాలం తెలియలేదు.

ఆయనకి నేను ల్యాప్‌టాప్‌లో రెండు రకాల బోట్లూ చూపించాను. క్యాబిన్ ఫొటోలు, పరుపు, స్టవ్వు, అన్నీ. కళ్ళజోడు పైకెత్తి చూసి, "నీళ్ళ మీదకెళ్ళి గదిలో కూచోడవేంట్రా? గది ఇంట్లో లేదా?" అన్నారు.

నవ్వాను. ఆయన నవ్వలేదు. "కచ్చులూరులో గదిలో ఉన్నవాళ్ళే ముందు పోయారు" అన్నారు.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 77 మంది ఎక్కితే 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. కాకినాడ ధర్మాడి సత్యం బృందం నెల రోజులు దాటాక బోటుని బయటకి లాగితే, లోపల ఇంకా శవాలు చిక్కుకుని ఉన్నాయి. మా నాన్నగారు అప్పుడు రోజూ టీవీ ముందు కూచునేవారట. అమ్మ చెప్పేది. ఆయన లెక్క ఒకటే. పడవ బోల్తా పడితే పైనున్నవాడు నీళ్ళలో పడతాడు, లోపలున్నవాడు పడవలో పడతాడు. బ్లేక్ ఐలండ్ దగ్గర సాయంత్రం పూట ఆగే పడవకీ, వరద గోదాట్లో సుడిలోకి వెళ్ళిన పడవకీ పోలికేంటని వాదించొచ్చు. వాదించాను కూడా. వాతావరణం ముందే తెలుస్తుందన్నా, వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటుందన్నా, కోస్ట్ గార్డు ఉంటారన్నా. అన్నీ విని, "సరే, నువ్వు కొనుక్కో. నేను పైనే కూచుంటా" అన్నారు. కాలరు పట్టుకుని నీళ్ళకేసి చూడమన్నది ఎందుకో అప్పుడు అర్థమైంది.

మా వాణ్ణి మాత్రం అప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇదంతా వాడి కోసమే అని నాకు నేను చెప్పుకుంటున్నా గానీ, వాడి అభిప్రాయం ఎక్సెల్‌లో ఎక్కడా లేదు. యూజర్ని అడక్కుండా రిక్వైర్‌మెంట్స్ రాసేవాళ్ళని ఆఫీసులో ఎన్నిసార్లు తిట్టానో. సరే, అడిగాను. వాడు పెద్దగా ఆలోచించకుండా, "రాత్రి మీతో ఒకే రూంలో పడుకోవాలా? నో. వేక్‌బోర్డింగ్ అయితే వస్తా. మా ఫ్రెండ్స్‌ని కూడా తీసుకురావచ్చా?" అన్నాడు.

ఆ రాత్రి కొత్త షీటు తీశాను. వెయిటేజీలు పెట్టలేదు, రోజులు లెక్కపెట్టాను. సియాటిల్లో వేసవి జూలై 4 బాణసంచా అయిపోయాక మొదలవుతుందని సామెత. సెప్టెంబరు సగానికి అయిపోతుంది. పదకొండు వారాంతాలు. అందులో నాకు ఆన్‌కాల్ రెండు. తెలుగువాళ్ళ పిక్నిక్కులు, వరలక్ష్మీవ్రతం, పుట్టినరోజులు కలిపి మూడు. అడవులు తగలబడి పొగ కమ్మేస్తే, 2020లోనూ 2022లోనూ కమ్మినట్టు, ఇంకోటి పోయిందనుకోండి. మిగిలినవి అయిదు. ఆ అయిదింటిలో ఎన్నిటికి రెండు రోజులూ పూర్తిగా ఖాళీగా ఉంటాం, మర్నాడు టెన్నిస్ క్లాసు లేకుండా? గట్టిగా చూస్తే రెండు. అదే ఒక పూట ఖాళీ అంటే? మామూలు రోజుల్లో కూడా దొరుకుతుంది. జూన్, జూలైల్లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది. ఆఫీసు నుంచి అయిదింటికి బయటపడితే నీళ్ళ మీద రెండు గంటలు గ్యారంటీ.

ఇక డబ్బు సంగతి. ఇక్కడ చాలామంది మోసపోయేది బోటు ధర చూసి. ధర తేలిక, తిండి ఎక్కువ. ఇరవై ఏడడుగుల క్రూయిజర్ని ఇంటికి తెచ్చుకోలేం. ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు దాటిన బోటుని రోడ్డు మీద లాగాలంటే ప్రత్యేకంగా పర్మిట్ కావాలి. ఆ కొలతలో పట్టేలా చేసిన క్యాబిన్ బోట్లు సన్నగా, పొడుగ్గా ఉండి పక్క అలకి తెగ ఊగుతాయి. కాబట్టి నీళ్ళలోనే ఉంచాలి. నాకు చెప్పిన అద్దె అడుగుకి నెలకి 19 డాలర్లు. ముప్ఫై అడుగుల చోటుకి లెక్కేస్తే ఏడాదికి 6,840. వాడినా వాడకపోయినా. నీళ్ళలోనే ఉంటుంది కాబట్టి అడుక్కి నాచు పట్టకుండా ప్రత్యేకమైన రంగు, లోహం తినెయ్యకుండా జింకు దిమ్మలు మార్చడం, ఇన్సూరెన్సు. వాషింగ్టన్ రాష్ట్రం బోటు విలువలో అర శాతం ఏటా పన్ను వేస్తుంది. పెట్రోలు చూస్తే, అంత బరువుని పరిగెత్తించడానికి వీ-8 ఇంజను గంటకి పన్నెండు గాలన్ల పైన తాగుతుంది. గాలనుకి మైలున్నర, రెండు మైళ్ళు వస్తే గొప్ప. బాత్రూం ట్యాంకు ఎక్కడపడితే అక్కడ ఖాళీ చెయ్యకూడదు. 2018 నుంచి ప్యూజెట్ సౌండ్ మొత్తం, లేక్ వాషింగ్టన్‌తో సహా, శుద్ధి చేసిన మురుగు కూడా వదలకూడని ప్రాంతం. పంపౌట్ స్టేషనుకి వెళ్ళి గొట్టం పెట్టి లాగించాలి. వారాంతం సరదా అని వెళ్ళి, చివరికి ఆ గొట్టం ఎవరు పట్టుకోవాలని మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటున్న జంటని నేను కళ్ళారా చూశాను.

డే బోటు చవకని చెప్పను. దాని తలనొప్పులు దానివి. ఇరవై అడుగుల బోటు, పెట్రోలు, ట్రైలరు అన్నీ కలిపితే 4,200 పౌన్ల దాకా తూగుతుంది. మన తెలుగిళ్ళలో ఇంటికొకటి ఉండే సియెన్నా, ఒడిస్సీలు 3,500 మించి లాగలేవు. మా ఆవిడ పైలట్ కారు 5,000 లాగుతుంది కాబట్టి బతికిపోయా, లేకపోతే బోటుకి తోడు కారూ కొనాల్సొచ్చేది. ఇంటి ముందు పెట్టుకుందామంటే మా హెచ్‌ఓఏ ఒప్పుకోదు. రోడ్డు మీంచి బోటు కనపడకూడదట, ఇళ్ళ ధరలు పడిపోతాయట! నెలకి 150 కట్టి స్టోరేజీలో పెట్టాం. పైగా దీంతో సముద్రంలోకి వెళ్ళడం నాకు ఇష్టం లేదు. ముందు భాగం తెరిచి ఉంటుంది కాబట్టి మూడడుగుల అల ఎదురైతే నీళ్ళు నేరుగా ఒళ్ళోకొస్తాయి. ప్యూజెట్ సౌండ్ నీళ్ళు ఆగస్టులో కూడా యాభై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపుల్లోనే ఉంటాయి. పడితే ఈతొచ్చినవాడి చేతులు కూడా నిమిషాల్లో మొద్దుబారతాయి. అదే చెరువుల్లో ఎండాకాలం డెబ్భై దాటుతుంది, పిల్లలు గంటలకొద్దీ ఈదుతారు. మా వాడు నీళ్ళలో దిగాలంటే చెరువే గతి, చెరువుకి గది అక్కర్లేదు.

అంచేత బౌ రైడరే కొన్నాం. 2015 మోడలు, ఇరవై అడుగులు, ట్రైలరుతో 27,000. దీనికీ సర్వే చేయించాను, అంతా ఖంగుమంది. కొనేముందు నేనూ మా ఆవిడా ఆన్‌లైన్లో పరీక్ష రాసి బోటర్ కార్డు తెచ్చుకున్నాం. 1955లోగానీ ఆ తర్వాతగానీ పుట్టినవాళ్ళెవరైనా పదిహేను హార్స్‌పవర్, ఆ పైన ఉన్న బోటు నడపాలంటే ఇక్కడ అది ఉండాలి. మా ఆవిడకి నాకంటే నాలుగు మార్కులెక్కువ వచ్చాయి. ఈ మాట ఇక్కడ రాయాలన్నది కూడా ఆవిడ షరతే :)

మొదటి రోజు సంగతి చెప్పకపోతే అన్యాయం. జూన్‌లో ఒక శనివారం, పొద్దున్న ఆరున్నరకే లేక్ సమామిష్ స్టేట్ పార్కు ర్యాంపు దగ్గరున్నాం. ఎండ కాసే శనివారాల్లో ఆలస్యమైతే ట్రైలరు పెట్టుకోడానికి చోటు దొరకదు. వెనక్కి తోలడం నెల రోజులు ప్రాక్టీసు చేశాను కాబట్టి మూడో ప్రయత్నంలోనే నీళ్ళలోకి దించాను. కారు పార్క్ చేసొచ్చి, పుస్తకంలో రాసినట్టు, ఇంజను గదిలో పెట్రోలు ఆవిరి పోవడానికి బ్లోయరు వేసి, వాచీ చూస్తూ నాలుగు నిమిషాలు నిలబడ్డాను. చాలా బాధ్యతగా అనిపించింది. డాకు మీద నిలబడ్డ మా వాడు, "నాన్నా, బోటు వెనక్కి వంగినట్టు లేదూ?" అన్నాడు.

ట్రైలరు మీద ఉన్నప్పుడు వాననీళ్ళు పోవడానికి వెనక ఒక చిన్న బిరడా తీసి ఉంచుతారు. నీళ్ళలో దించేముందు దాన్ని బిగించాలి. అది నా ప్యాంటు జేబులో ఉంది.

ఏం చేశామని అడక్కండి. మా ఆవిడ కారు వైపు పరిగెట్టింది, నేను ఛాతీలోతు నీళ్ళలో దిగి చేత్తో తడుముకుంటూ బిరడా బిగించాను, మా వాడు పంపు వేశాడు. వెనక లైనులో నలుగురు ఏమీ అనలేదు గానీ, వాళ్ళ మొహాలు చూస్తే తెలుస్తుంది. మా నాన్నగారు మాత్రం డాకు మీద కూచుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "మా రేవులో పడవకి కన్నం పడితే నార కూరి గుగ్గిలం పూసేవాళ్ళు. నువ్వు ఉన్న కన్నం కూడా మూసుకోలేకపోయావు" అని.

ఆ వేసవిలో మొత్తం పంతొమ్మిది సార్లు వెళ్ళాం. రాసి పెట్టుకున్నా. అందులో పదమూడు మామూలు రోజుల సాయంత్రాలే. మా వాడు ఫ్రెండ్సుతో వచ్చినప్పుడు నేను ఒట్టి డ్రైవర్ని. వాళ్ళ పాటలు, వాళ్ళ కేకలు, నాతో మాటల్లేవు. అయినా వేక్‌బోర్డు మీద మొదటిసారి నిలబడ్డప్పుడు వాడు చూసింది నా వైపే, నేను చూశానో లేదో అని. పేక మాత్రం మళ్ళీ ఆడలేదు.

ఏం పోగొట్టుకున్నామో కూడా చెప్పాలి, లేకపోతే సేల్స్ వాడి మాటలా ఉంటుంది. శాన్ వాన్ దీవులు పోయాయి. అక్కడ సుసియా అనే దీవి ఉంది, గుర్రపు లాడంలా వంగి, మధ్యలో పడవలు ఆగే నీళ్ళు. పొద్దున్నే లేచి గదిలోంచి తల బయటపెట్టి దాన్ని చూడాలని నాకుండేది. ఓర్కాలు ఆ వైపే ఎక్కువ కనిపిస్తాయి. 2025 జనవరి నుంచి అక్కడి స్థానిక గుంపులకి వెయ్యి గజాల దూరంలో ఉండాలని రూలు వచ్చింది, అయినా దూరం నుంచైనా చూసేవాళ్ళం కదా. మా సహోద్యోగి ప్రతి సోమవారం ఆ ఫొటోలు చూపిస్తాడు. కడుపు మండుతుంది. దాచుకోను.

ఇక బాత్రూం. గుర్తుపెట్టుకోమన్నానుగా. నాన్నగారికి డెబ్భై నాలుగు, ప్రోస్టేటు ఇబ్బంది ఉంది. స్టీరింగు ముందున్న అర లాంటి చోట పట్టే బుల్లి పోర్టబుల్ టాయ్‌లెట్ కొని, చుట్టూ తెర కట్టించాను. దాన్ని ఒకసారి చూసి, "కోడలి ముందు నేను అందులోకి దూరతానా" అన్నారు. అంతే, ఇక దాని జోలికి వెళ్ళలేదు. కాబట్టి ఆయన వచ్చిన రోజున గంటకోసారి ఒడ్డుకి రావాలి. చెరువు ఏడు మైళ్ళ పొడుగు, మేం ఎప్పుడూ దక్షిణపు సగమే చూశాం. ఈ ఒక్క విషయంలో క్రూయిజరే నెగ్గేది, నిజం ఒప్పుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్ళతో తిరిగేవాళ్ళయితే మీ షీటులో ఆ గడికి నాకంటే ఎక్కువ మార్కులు వేసుకోండి.

ఆయన సీటు ముందు ముక్కు దగ్గర, ఎడమ వైపు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే మొదట్లో గొడవ. పెద్దవాళ్ళు తొడుక్కుని తీరాలని ఇక్కడ చట్టం లేదు, బోటులో ఉంటే చాలు. ఆ సంగతి మా వాడు ఆయనకి చెప్పేశాడు కూడా. నేను మాత్రం జాకెట్ లేకపోతే ఇంజను స్టార్ట్ చెయ్యనన్నాను. ఇరవై ఏళ్ళు రేవు దాటానురా, ఎప్పుడైనా కట్టుకున్నానా అన్నారు. "అప్పుడు నా కాలరు మీరు పట్టుకున్నారు. ఇప్పుడు స్టీరింగు వదిలి మీ కాలరు నేను పట్టుకోలేను" అన్నాను. ఏమీ అనకుండా తొడుక్కున్నారు. వేగం ఎక్కువైతే చెయ్యి పైకెత్తేవారు, తగ్గించేవాణ్ణి. మా వాడున్న రోజున మాత్రం ఎత్తేవారు కాదు.

అక్టోబరులో ఆయన వెళ్ళిపోయారు. ఇంకో ఏడాది ఇంత దూరం ప్రయాణం తన వల్ల కాదని ఎయిర్‌పోర్టులో అన్నారు. ఆ మర్నాడు, చలికి ఇంజను పగలకుండా బ్లాకులో నీళ్ళు తీసేసి, యాంటీఫ్రీజ్ పోసి, సామానంతా గ్యారేజీలో సర్దుతుంటే ఆయన జాకెట్ దొరికింది. లోపలి వైపు నల్ల మార్కరుతో, స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టిస్తారే అలా, తెలుగులో ఆయన పేరూ ఇంటిపేరూ రాసి ఉన్నాయి. ఎప్పుడు రాసుకున్నారో మా ఆవిడకీ తెలీదు. మా వాణ్ణి అడిగితే, మార్కరు ఇచ్చింది తనేనని, తన ఫ్రెండ్స్ ఎవరికీ అది ఇవ్వొద్దని తాతయ్య చెప్పాడని అన్నాడు.